పచ్చికబండి, బండ్లబాట

‘ఆఫ్‌రోడ్’ అన్న మాటకు తెలుగు చెప్పమంటే నాకు ముందుగా ఒక అభ్యంతరం తోస్తుంది. రోడ్లు నిండుగా ఉండి, వాటిని విడిచి పక్కకు దిగడం ఒక వినోదమైన దేశంలో పుట్టిన మాట అది. మా వేములవాడ వైపు వరుస వేరు. తొవ్వ మొదటిది. అది వెడల్పయితే బాట. ఎడ్లబండి నడిస్తే బండ్లబాట. తారు రోడ్డు వీటన్నిటికీ చిన్న చెల్లెలు. కోస్తా మిత్రులు డొంక అనీ, పుంత అనీ అంటారు. ఇన్ని పేర్లున్న దాన్ని పట్టుకుని ‘రోడ్డు కానిది’ అనడం, అన్నాన్ని ‘రొట్టె కానిది’ అనడం వంటిది.

మాటల సంగతి అటుంచి విషయానికి వస్తాను. గోల్ఫు మైదానాలలో, విడిది గృహాలలో, పెద్ద కళాశాలల ఆవరణలలో తిరిగి తిరిగి ముసలివైన విద్యుత్ బండ్లు ఇప్పుడు తుక్కు ధరకు దొరుకుతున్నాయి. వాటిని పొలాల బాటలకు మలుచుకోవచ్చా అన్నది ప్రశ్న. మలుచుకోవచ్చుననీ, మలుచుకోవాలనీ నా అభిప్రాయం. అయితే ఆ పని చేసేవారు చాలామంది దాన్ని జీపును చెయ్యబోతారు. దాన్ని ఎడ్లబండిని చెయ్యాలి. ఈ రెండింటికీ ఉన్న తేడా చెప్పడానికే ఇదంతా.

మా మేనమామకు డెబ్బై దాటాయి. మిడ్‌మానేరు జలాశయం కింద ఊరు పోయిన వేల కుటుంబాలలో ఆయనదీ ఒకటి. అనుపురం, రుద్రవరం, కొదురుపాక, చీర్లవంచ వంటి ఊళ్ళ పేర్లు పునరావాస కాలనీలతో పాటు కొత్త చోటికి నడిచివెళ్ళాయి. పొలాలు నడవలేవు కదా. ముంపుకు చిక్కని చెలక ఒక రెండెకరాలు ఆయనకు పాత ఊరి వైపునే మిగిలింది. ఒకప్పుడు ఇంటి వెనకే ఉన్న పొలం ఇప్పుడు నాలుగు కిలోమీటర్ల దూరం. మోకాళ్ళు అరిగి సైకిల్ మోటారు నడపలేడు. ఎడ్లను ఎప్పుడో అమ్మేశాడు. కిరాయి ట్రాక్టరు దున్నడానికి వస్తుంది గాని, ముసలాయన చెలక చూసుకోవాలంటే రోజూ రాదు. రాజన్నకు కోడె మొక్కు చెల్లించుకునే సీమలో, పొలం పోవడానికి ఎద్దు లేని రైతుగా మిగలడం ఆయనకు మోకాళ్ళకన్నా ఎక్కువ నొప్పి.

ఆయన కొడుకు, అంటే మా బావ, వేములవాడలో మోటార్ల వైండింగు షాపు నడుపుతాడు. మా ప్రాంతానికి కరెంటుతో ఉన్న చుట్టరికం కొంచెం ప్రత్యేకమైనదని తెలియనివారికి చెప్పాలి. సిరిసిల్లలో 1970లో రైతులూ వినియోగదారులూ సభ్యులుగా విద్యుత్ సరఫరా సహకార సంఘం ఏర్పడింది. అందరూ ‘సెస్’ అంటారు. దేశంలో అటువంటివి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఒకవైపు మరమగ్గాల మోటార్లు, ఇంకోవైపు బోరుబావుల మోటార్లు. కాలిపోయిన తీగ చుట్ట విప్పి మళ్ళీ చుట్టడం ఇక్కడ కమ్మరం, వడ్రంగం వంటి ఊరి వృత్తి అయింది. కాబట్టి హైదరాబాదు దగ్గరి ఒక విడిది గృహంలో వేలం వేసిన గోల్ఫుబండిని బావ లారీలో వేయించుకు వచ్చినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ‘ఇంజను ఏది?’ అని ఒకరిద్దరు అడిగారు, అంతే.

బావ కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. అతడు ఫోనులో అమెరికా వీడియోలు చూపించాడు. అక్కడ వేటకు వెళ్ళేవారికి ఈ బండ్లంటే ఇష్టం. చప్పుడు చెయ్యవు, లేళ్ళు బెదరవు. చట్రాన్ని పైకి లేపి, 23 అంగుళాల టైర్లు తొడిగి, ముందు గుమ్మడికాయలంత దీపాలు పెట్టి అడవిలోకి తోలుతారు. కుర్రవాడికి అదే కావాలి. బావకు వద్దు. నేను బావ పక్షం. ఎందుకంటే,

మొదటిది, లెక్క. ఈ బండి తొలి టైర్ల వ్యాసం 18 అంగుళాలు. ఇందులో గేర్లు లేవు. మోటారుకూ చక్రానికీ మధ్య ఒకే ఒక నిష్పత్తి. మోటారు దాదాపు పన్నెండు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. టైరు 22 అంగుళాలది వేస్తే, మోటారు అదే వేగంతో తిరిగినా బండి వేగం 22 శాతం పెరుగుతుంది. చూడటానికి లాభం. కాని నేలను నెట్టే బలం 18 శాతం తగ్గుతుంది. బురదలో కావలసింది బలమే. వేగంతో అక్కడ పనిలేదు.

రెండవది చాలామంది గమనించరు. చట్రాన్ని లేపే కిట్టు సీటును ఎత్తుతుంది, నేలను ఎత్తుతుంది, చివరికి ప్రయాణికుడి గుండెను కూడా గొంతులోకి ఎత్తుతుంది. వెనక ఇరుసును మాత్రం ఎత్తదు. బాటలో రాయి తగిలేది ఇరుసు నడుమ ఉన్న పళ్ళచక్రాల పెట్టెకే. అది పైకి లేవాలంటే టైరే పెద్దది కావాలి. టైరు వ్యాసం నాలుగు అంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది రెండు అంగుళాలు. కిట్టు పని ఆ పెద్ద టైరుకు చోటు చెయ్యడం మాత్రమే. దాని కోసం బండి బరువంతా పైకి జరిపి, గట్టు మీద పక్కకు ఒరిగే గుణాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం ఏమి తెలివి?

బావ మధ్యేమార్గంగా 20 అంగుళాల టైర్లు వేయించాడు. లోతైన గాళ్ళున్నవి. ఇరుసు ఒక అంగుళం లేచింది. పళ్ళచక్రాల పెట్టె కింద మందపాటి ఇనుప రేకు కవచంగా బిగించాడు. వెనక సీటు తీసేసి గరుకు రేకుతో చిన్న తొట్టి చేయించాడు. టైర్లలో గాలి తక్కువగానే ఉంచుతాడు. ఇందులో ఒక విశేషముంది. గోల్ఫుబండి పుట్టిందే పచ్చికను నలపకుండా నడవడానికి. వెడల్పు టైరు, తక్కువ గాలి, మెత్తటి అడుగు దాని జన్మస్వభావం. తడి చెలకలో కూరుకుపోకుండా ఉండటానికి కావలసిన గుణం కూడా అదే. ఒడ్డూ పొడుగూ పెంచి ఆ మెత్తదనాన్ని చెడగొడితే, దానికి పుట్టుకతో వచ్చిన ఒకే ఒక సుగుణాన్ని తీసేసినట్టు.

ఇక మోటారు. మా బండిది డీసీ సిరీస్ మోటారు, 48 వోల్టులది, స్థూలంగా మూడు గుర్రపు శక్తి. ఈ జాతి మోటారుకు ఒక మంచి అలవాటుంది. నిలబడి ఉన్నప్పుడే దాని బలం ఎక్కువ. బరువు పెరిగేకొద్దీ వేగం తగ్గించుకుని, కరెంటు ఎక్కువ తాగి, ఇంకా గట్టిగా లాగుతుంది. రైలింజన్లను ఏళ్ళ తరబడి లాగినది ఈ రకమే. చెడ్డ అలవాటు కూడా ఇందులోనే ఉంది. అది అలసటను దాచుకుంటుంది. డీజిలు ఇంజను బరువు మోయలేకపోతే దడదడలాడి ఆగిపోయి మనకు చెప్తుంది. ఇది చెప్పదు. లోపల వేడెక్కి, బ్రష్షులు కాలి, వార్నిషు వాసన వచ్చేదాకా లాగుతూనే ఉంటుంది. వేగం తగ్గితే మోటారులోని పంకా కూడా నెమ్మదిస్తుంది కాబట్టి చల్లబరచేవాడే నిద్రపోయినట్టవుతుంది.

అంకెల్లో చూద్దాం. బండి, బ్యాటరీలు, ఇద్దరు మనుషులు, నాలుగు యూరియా బస్తాలు. బస్తా ఇప్పుడు 45 కిలోలే. అంతా కలిపి రమారమి 800 కిలోలు. తారు మీద దీన్ని కదిలించడానికి పన్నెండు కిలోల నెట్టుడు చాలు. మెత్తటి బురదలో అది 80 కిలోలకు చేరుతుంది. అంటే బురదనేల, చదునుగా ఉన్నా సరే, పదికి ఒకటి చొప్పున లేచే తారు గుట్టతో ఇంచుమించు సమానం. ఆ బురద నిజంగానే చెరువుకట్ట ఎక్కే చోట ఉంటే 160 కిలోలు. గంటకు 10 కిలోమీటర్లతో ఎక్కినా నాలుగు కిలోవాట్లకు పైన కావాలి. నష్టాలు కలుపుకుంటే బ్యాటరీ నుంచి సుమారు 120 ఆంపియర్లు. మోటారు తాహతుకు ఇది రెట్టింపు. రెండు మూడు నిమిషాలు ఓర్చుకుంటుంది, అరగంట ఓర్చుకోదు. కాబట్టి మా మామ బండి కట్ట ఎక్కాక వేపచెట్టు కింద ఆగుతుంది. ఆయన బీడీ కాలుస్తాడు, మోటారు చల్లబడుతుంది. వేగం పెంచే కంట్రోలరు కొందామన్న కుర్రవాడి ప్రతిపాదనను ఆ బీడీ నిత్యం తోసిపుచ్చుతున్నది.

బ్యాటరీల సంగతి వేరే కథ. ఎనిమిది వోల్టులవి ఆరు, ఒక్కొక్కటి ముప్పై కిలోల దాకా బరువు. బండికి పెట్టినదానికి రెట్టింపు వీటికి పెట్టవలసి వచ్చింది. పాతబండి కొనబోయేవారు ఈ ఖర్చు మొదటే లెక్కలో వేసుకోవాలి. తుక్కు ధరకు వచ్చేది సగం బండి మాత్రమే. సీసపు బ్యాటరీ మీద రాసిన సామర్థ్యం ఇరవై గంటలపాటు నిదానంగా వాడినప్పటిది. 120 ఆంపియర్ల చొప్పున గుంజితే ముప్పావు గంట నిలవడం కష్టం. మా కరీంనగర్ ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. వైశాఖంలో రేకుల కొట్టం కింద నిలబెట్టిన బండికి అది ఎంత నిజమో ఊహించుకోండి. డిస్టిల్డ్ వాటర్ చార్జింగు అయ్యాక పోయాలి, ముందు కాదు. పలకలు బయటపడి ఉంటేనే ముందు కాస్త పోయాలి. చార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది గనుక కొట్టానికి గాలి ఆడాలి, అక్కడ బీడీ పనికిరాదు. ఈ చివరి నియమం మామకు అన్నిటికన్నా కష్టమనిపించింది.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు వేస్తే వంద కిలోలకు పైగా బరువు తగ్గుతుంది, నీళ్ళు పొయ్యవలసిన పని లేదు. ఎప్పటికైనా అటే వెళ్ళాలి. కాని వాటికి తగిన చార్జరు, లోపలి రక్షణ సర్క్యూటు, ఇంత కరెంటు ఒక్కసారిగా గుంజుకునే మోటారును తట్టుకునే సత్తా ఉన్నవే కొనాలి. ఇంట్లో ఇన్వర్టరుకు అమ్మేది తెచ్చి ఇందులో పెడితే కట్ట నడిమధ్యన రక్షణ సర్క్యూటు తనను తాను రక్షించుకుని మనను గాలికి వదిలేస్తుంది.

ఇక్కడ అసలు భయానికి వస్తున్నాను. అందరూ ‘గుట్ట ఎక్కుతదా?’ అని అడుగుతారు. దిగుతుందా అని ఎవరూ అడగరు. ఈ బండ్లలో చాలావాటికి వెనక చక్రాలకే బ్రేకులు, అవీ తీగతో గుంజే డ్రమ్ము బ్రేకులు. దిగేటప్పుడు బరువంతా ముందుకు జరుగుతుంది. బ్రేకున్న చక్రాల మీద బరువు తగ్గుతుంది. డ్రమ్ములో బురదనీళ్ళు చేరితే ఉన్న పట్టు కూడా పోతుంది. ట్రాక్టరు నడిపినవారికి కిందిగేరులో వేసి ఇంజనుతోనే ఆపుతూ దింపే అలవాటు ఉంటుంది. సిరీస్ మోటారు బండిలో ఆ సదుపాయమే లేదు. కాలు తీస్తే బండి జారుడుబల్ల మీద గోళీకాయ. కొన్ని రకాల బండ్లలో మోటారు వేరే తరహాది, దిగేటప్పుడు అదే జనరేటరై వేగాన్ని పట్టి ఉంచుతుంది. పాతబండి కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. రంగు, సీట్లు తరువాత చూడవచ్చు. మా దానికి ఆ గుణం లేదు. అందుకని ముందు చక్రాలకు హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు అమర్చాకే బండిని కట్ట మీదికి పోనిచ్చాం. దీపాలకు పెట్టదలచిన డబ్బు అలా సద్వినియోగమైంది.

మొదటిసారి కట్ట దిగినప్పుడు మామ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, దిగాక అన్నాడు: “ఎడ్లయితే దిగేటప్పుడు అవే కాళ్ళు బిగవట్టి ఆపుకుంటుండె అల్లుడా. నీ కరెంటెద్దుకు ఆ గ్యానం లేదు.”

ఆ మాటలో యంత్రశాస్త్రమంతా ఉంది. ఎడ్లబండిలో బలమూ, బ్రేకూ, చల్లబడే తెలివీ ఒకే జీవిలో ఉండేవి. అలసిన ఎద్దు నిలబడిపోయేది. మనం ఈ బండికి చెయ్యవలసిన మార్పులన్నీ ఆ పోయిన తెలివిని ఒక్కొక్క ముక్కగా తిరిగి తెచ్చి పెట్టడమే.

అన్నీ చేసినా ఒక చిక్కు మిగిలింది. దీన్ని వీడియోలలో ఎవరూ చెప్పరు. మా బాటలకు గాళ్ళు పడి ఉంటాయి. ‘గాడి తప్పడం’ అని మనం మనుషుల గురించి అంటామే, ఆ గాడి ఇదే. ఎడ్లబండ్లూ, వాటి తరువాత ట్రాక్టర్లూ తొక్కి తొక్కి చేసిన రెండు లోతైన చాళ్ళు, ఒకదానికొకటి నాలుగున్నర, అయిదు అడుగుల ఎడం. గోల్ఫుబండి చక్రాల మధ్య ఎడం మూడడుగులకు కాస్త ఎక్కువ. అంటే ఒక చక్రం గాడిలో పడితే రెండోది నడిమి దిబ్బ ఎక్కుతుంది, బండి ఒరుగుతుంది. ఇది పుట్టుకతోనే గాడి తప్పిన బండి. చక్రాలను బయటికి జరిపే దిమ్మలు దొరుకుతాయి గాని బేరింగుల మీద భారం పెరుగుతుంది.

దీనికి ఉపాయం బండిలో దొరకలేదు, బాటలో దొరికింది. గాళ్ళు మరీ లోతుగా ఉన్న రెండు చోట్ల బావ నాలుగు ట్రాక్టర్ల మొరం పోయించి చదును చేయించాడు. పెద్ద టైర్లకన్నా చవక. పైగా పక్క చెలకల వాళ్ళకూ పనికొచ్చింది, ఒకాయన తన వంతుగా రెండు ట్రిప్పులు తోలాడు కూడా. ఉపాధి హామీ కింద ఊళ్ళలో వేసిన మట్టి బాటలను ఇలా ఏటేటా మొరంతో నిలబెట్టుకుని ఉంటే ఈ వ్యాసంలో సగం అవసరమే ఉండేది కాదు. బండిని కొంచెం మార్చి, బాటను కొంచెం మార్చి, రెండింటినీ నడుమ కలపాలి. ఎంత చెడ్డబాటనైనా జయించే బండి కావాలనుకోవడం వినోదానికి సరే, వ్యవసాయానికి దండగ.

వినోదం అన్నాను గనుక ఒక మాట. బండి తయారయ్యాక కుర్రవాడి స్నేహితులు గుట్టలెక్కిద్దామని వచ్చారు. మా దగ్గర గుట్ట అంటే వట్టి రాయి కాదు. గంగాధర మండలంలో కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన పదవ శతాబ్దపు శాసనంలో తెలుగు కందపద్యాలున్నాయని ఇది చదివేవారిలో చాలామందికి తెలుసు. గుట్టలకు గ్రానైటు క్వారీల బెడద చాలు, గోల్ఫుబండ్ల బెడద కూడా ఎందుకు? పిల్లలను మందలించి పంపాను. అలిగారు.

చివరగా చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988 నిర్వచనం ప్రకారం ఆవరణల లోపలే వాడేందుకు తయారైన ప్రత్యేక వాహనం ‘మోటారు వాహనం’ కాదు. గోల్ఫుబండి ఇన్నాళ్ళూ ఆ నీడన బతికింది. మైదానం గోడ దాటితే దానికి పేరూ లేదు, నంబరూ లేదు. 2015 సవరణతో ఈ-రిక్షాకూ ఈ-కార్టుకూ చట్టంలో చోటు దొరికింది. 4000 వాట్లు మించని, మూడు చక్రాల బండికి, అదీ కిరాయికి తిరిగేదానికి. మాది 4000 వాట్ల లోపుదే, నిదానమైనదే. కాని చక్రాలు నాలుగు, కిరాయి లేదు. ఒక చక్రం ఎక్కువుండి స్థిరంగా నిలబడటం నేరమైనట్టుంది. అమెరికాలో 1998లోనే తక్కువ వేగపు వాహనాలకు వేరే తరగతి, వేరే భద్రతా నియమాలు ఏర్పరిచారు. అట్లాంటా దగ్గరి పీచ్‌ట్రీ సిటీలో గోల్ఫుబండ్ల కోసం వంద మైళ్ళ దాకా ప్రత్యేకపు బాటలున్నాయి. మనకు అంత అక్కరలేదు. గంటకు 25 కిలోమీటర్లు మించని, బ్రేకులు పరీక్షించిన, ఊరికీ పొలానికీ మధ్య తిరిగే సేద్యపు విద్యుత్ బండికి ఒక తరగతి, ఒక నంబరు, ఒక బీమా ఉంటే చాలు. రైతులందరికీ ట్రాక్టరు అమ్మాలన్న ఉత్సాహంలో, ట్రాక్టరు ఎక్కలేని ముసలి రైతును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఊరు మునిగి పొలానికి దూరమైనవారికి పరిహారపు చిట్టాలో ఆ దూరం ఎక్కడా పద్దుగా పడలేదు.

అంతవరకూ బండి తారు రోడ్డు ఎక్కదు. రోడ్డుకు అవతలి వైపు ఒక చుట్టం ఇంటి పెరట్లో కొట్టం వేశాం. చార్జింగు వాళ్ళ ఇంటి మీటరు నుంచే. నిండుగా ఎక్కించడానికి ఎనిమిది తొమ్మిది యూనిట్లు అవుతుంది, నెలకింత అని మామ కట్టేస్తాడు. కాలనీ నుంచి అక్కడిదాకా ఆయన ఆటోలో వస్తాడు.

అట్లాంటా, డాలస్ వైపు ఉన్న మిత్రులకు ఒక విన్నపం. ఈ బండ్ల వెనక ఇరుసుకు ఇంకా నిదానంగా, ఇంకా బలంగా తిప్పే పళ్ళచక్రాల జతలు మీ దగ్గర పాత సామాన్ల దుకాణాలలో దొరుకుతాయట. సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలో అయిదారు కిలోల చోటు మిగిలినవారెవరైనా ఉంటే, బావ కొలతలు రాసిచ్చాడు, పంపిస్తాను.